‘ఇక వంగొద్దు’ అంటే రైతు బతికేదెలా?

అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల మెట్ట సేద్యంలో వంగకుండా జరిగే పని దాదాపు లేదు. కలుపు తీయాలన్నా, వేరుశనగ పీకాలన్నా, టమోటా కోయాలన్నా, 45 కిలోల యూరియా బస్తా భుజానికెత్తాలన్నా నడుమే ఆధారం. ఆ నడుము పట్టేస్తే ఇల్లంతా కుంటుపడుతుంది. వాన గురించి, ధర గురించి, అప్పుల గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాం. నడుము నొప్పి గురించి మాత్రం ఎవరికి వారే మూలుగుతాం. ఆ నొప్పి వెంట వచ్చే భయం గురించి అసలే నోరు విప్పం.

ఆ భయం ఎలా మొదలవుతుందో చాలా ఇళ్లలో చూస్తున్నదే. నొప్పి వస్తుంది. సూది వేయించుకుంటే రెండు రోజులు తగ్గి మళ్లీ మొదలవుతుంది. టౌనుకు పోతే స్కానింగ్ తీస్తారు. ‘డిస్కు జారింది, ఎముక అరిగింది, ఇక వంగొద్దు, బరువెత్తొద్దు’ అని చెప్పి బెల్టు కట్టి పంపుతారు. ఆ మాట మనసులో నాటుకుంటుంది. ఇంకోసారి వంగితే కాళ్లు పడిపోతాయేమో, మంచం పట్టి పిల్లలకు భారమవుతానేమో అని మనిషి ముడుచుకుపోతాడు. నెలల తరబడి కదలకపోతే కండ తగ్గుతుంది, కీళ్లు బిగుసుకుంటాయి. అప్పుడు బిందె ఎత్తినా నొప్పే. దాంతో భయం ఇంకా పెరుగుతుంది. కదిలితే ఏదో అయిపోతుందన్న ఈ భయానికి వైద్యులు కైనీసియోఫోబియా అని పేరు పెట్టారు.

ఆ స్కానింగ్ రిపోర్టు సంగతి కూడా తెలుసుకోవాలి. నడుము నొప్పి లేని 3 వేల మందికి పైగా స్కానింగులను కలిపి చూసిన ఒక పరిశీలన 2015లో వెలువడింది. ఏ నొప్పీ లేని 20 ఏళ్ల వారిలోనే 30 శాతం మందికి, 50 ఏళ్ల వారిలో 60 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. తల నెరిసినట్టే వయసుతో వెన్నులోనూ మార్పులొస్తాయి. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్నవారిలో దాదాపు 90 శాతం మందికి ఫలానా భాగం చెడింది కాబట్టే ఈ నొప్పి అని కచ్చితంగా చెప్పగలిగే కారణం దొరకదు. నొప్పి మాత్రం నిజమైనదే. చేను కాపలా కుక్క అలవాటు పడి ఆకు కదిలినా మొరిగినట్టు, నెలల తరబడి నొప్పి పడ్డ నరాలు ప్రమాదం లేని కదలికకూ కేకపెడతాయి. కుక్క మొరిగిన ప్రతిసారీ దొంగ వచ్చినట్టు కాదు.

‘మా వాళ్లు ఎక్కడ పడుకున్నారు, నొప్పితోనే పనికి పోతున్నారు కదా’ అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కోతల రోజుల్లో మాత్ర మింగి, సూది వేయించుకుని పొద్దుగూకేదాకా చేస్తారు. పంట ఇంటికి చేరాక నెలా రెండు నెలలు మంచం దిగరు. ఒళ్లు విరగ్గొట్టుకోవడం, తర్వాత పూర్తిగా ఆగిపోవడం, రెండూ నడుముకు చెరుపే. ఆడవాళ్లకైతే పడుకునే వీలు కూడా ఉండదు. కలుపు మొక్కల మధ్య రోజంతా వంగి ఉండేది ఎక్కువగా వాళ్లే. వాళ్ల నొప్పిని ఇంట్లోనే లెక్కచేయరు.

ఈ భయానికి మనం కట్టే వెల చిన్నది కాదు. ఇక సేద్యం చేయలేనని ఎద్దులు అమ్మేవాళ్లున్నారు. భూమి కౌలుకిచ్చి బెంగళూరులో వాచ్‌మన్ పనికి పోయేవాళ్లున్నారు. తల్లి నడుము పడిపోతే చదువు మానేసి చేనికి వచ్చేది ఆడపిల్లే.

దారి లేకపోలేదు. దీర్ఘకాలిక నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. నొప్పి గురించి సరిగ్గా వివరించి చెప్పడం, వ్యాయామం చేయించడం మేలని చెప్పింది. నడుము బెల్టులు, ట్రాక్షన్ మామూలు వైద్యంగా వద్దని చెప్పింది. మన పనికి అన్వయిస్తే ఇలా ఉంటుంది: ముందు చేనిదాకా నడిచి రావాలి. కొన్నాళ్లకు పది నిమిషాలు కలుపు తీసి లేవాలి, తర్వాత పదిహేను నిమిషాలు. సగం బిందెతో మొదలుపెట్టి నిండు బిందెకు రావాలి. బాగున్న రోజున ఎక్కువ చేయకూడదు, బాగాలేని రోజున పూర్తిగా మానకూడదు. కొద్దిగా నొప్పి ఉన్నా భయపడనక్కర్లేదు.

అయితే కొన్ని గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. కాలు చచ్చుబడటం, మూత్రం లేదా విరేచనం పట్టు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి ఉంటే అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి. జ్వరం, బరువు తగ్గడం, కింద పడిన తర్వాత వచ్చిన నొప్పి ఉన్నా చూపించుకోవాలి. వెన్నుకు క్షయ కూడా సోకుతుంది. మన లోతు బోర్లలో ఫ్లోరైడ్ సమస్య ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముప్పే. ఎక్కువ మోతాదు ఎముకలకు పట్టి వెన్ను బిగుసుకుపోతుంది. అక్కడ ముందు మార్చాల్సింది తాగే నీళ్లు.

ఇది ఒక్కొక్కరూ ధైర్యం తెచ్చుకుంటే తీరేది కాదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1997లో ‘నడుము నొప్పికి పడక వేయొద్దు’ అనే అర్థం వచ్చే ప్రచారాన్ని టీవీల్లో నడిపింది. జనంలోనూ డాక్టర్లలోనూ భయం తగ్గింది, నడుము దెబ్బ పేరుతో వచ్చే పరిహారం దరఖాస్తులూ తగ్గాయి. మన రైతుకు పరిహారం ఊసే లేదు, కాబట్టి మనకు ఆ మాట ఇంకా ఎక్కువ అవసరం.

ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం పెట్టిన పథకం. ఊరి దగ్గర వ్యాయామం నేర్పే మనిషి కావాలి. ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఫిజియోథెరపిస్టును నియమించాలని, వారానికో రోజు మండలాలకు పంపాలని మన సంఘం అడగాలి. ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ఈ విషయంలో శిక్షణ ఇవ్వాలి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఉపాధి పనుల్లో నడుము నొప్పి నుంచి కోలుకుంటున్న వారికి తట్ట మోసే పని కాక ముందు తేలిక పని ఇవ్వాలి, కూలి కోయకూడదు. నిలబడి తోసే కలుపు పరికరాలను సబ్సిడీపై కూలీలకూ అందించాలి.

ఇవి సాధించేలోగా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఈ నెల గ్రామ సమావేశాల్లో ఈ విషయం చర్చకు పెట్టండి. మంచం పట్టిన తోటి రైతును చూడటానికి పోయినప్పుడు ‘ఇంకేం చేస్తావులే, పడుకో’ అనకండి. ‘లే అన్నా, చేనిదాకా పోయొద్దాం’ అని చెయ్యి అందించండి.