గృహవిజ్ఞానము: కాచిన నీటిలో మిగులునది

ఈ మాసమునకు మేము పాఠశాలల రసాయనశాస్త్రమునుండి రెండు మాటలను గైకొంటిమి: పరమాణుసంఖ్య, పరమాణుభారము. నేటి పాఠ్యపుస్తకములు రెండవదానిని పరమాణు ద్రవ్యరాశి యనుచున్నవి. తూకమునకు అలవడిన మన చేతులకు భారమను మాటయే దగ్గఱ గాన దానినే వాడెదము. పిల్లలు వీనిని పరీక్షకొఱకు వల్లించుటయు, ఇవి వంటయింటికి సంబంధింపనివని తల్లులు తలచుటయు వాడుకయై యున్నది. కాని అనంతపురము జిల్లా కణేకల్ ప్రాంతపు గృహిణికి వీనితో నీళ్లబిందెకడనే పని పడును.

అది వానలు అరుదైన మెట్టసీమ. హగరి యనబడు వేదవతి వెంట ఇసుకమేటలు పొలములపైకి సాగుచుండును. కణేకలునకు పెద్దచెరువు కలదు. తుంగభద్ర ఎగువకాలువయు ఆ ప్రాంతమునుండియే పోవుచున్నది. ఆ నీరు అందినవారు అదృష్టవంతులు. అందనివారికి బోరునీరే గతి. ఆ నీరు రాతిపొరలలో దీర్ఘకాలము నిలిచి, రాళ్లలోని ఖనిజములనుండి ఫ్లోరైడును కరగించుకొనును. జిల్లాలో పెక్కు గ్రామముల భూగర్భజలమున నిది మితిమీరి యున్నది. పండ్లు గోధుమరంగు మచ్చలు గట్టుట, ముదిరినచో నడుము వంగి కీళ్లు బిగియుట దీని లక్షణములు. మన దేశమున ఈ వ్యాధిని మొదట గుర్తించి 1937లో ప్రకటించిన షార్టు మొదలగు వైద్యులు చూచినది కూడ తెలుగువారినే, నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో.

నీరు మంచిది కాదని వినగనే మన స్త్రీలు దానిని కాచెదరు. విషూచి, సన్నిపాతజ్వరముల విషయమున నంతకు మించిన పని లేదు. ఫ్లోరైడు విషయమున మాత్ర మది వ్యర్థము. ఏల వ్యర్థమో పరమాణుసంఖ్య చెప్పును.

పరమాణువు నడుమ కేంద్రకము కలదు. అందు ధనవిద్యుత్తు గల ప్రోటానులును, ఏ విద్యుత్తును లేని న్యూట్రానులును ఉండును. చుట్టును ఎలక్ట్రానులు తిరుగును. ప్రోటానుల లెక్కయే పరమాణుసంఖ్య. ఆక్సిజనునకు 8, ఫ్లోరీనుకు 9, నియానునకు 10. లెక్కలో ఒక్కొక్కటియే భేదము, గుణములలో నెంత దూరము! మొదటిది మన యూపిరి. రెండవది తాకినదాని నెల్ల పట్టి పీడించు ఉగ్రవాయువు. మూడవది యెవరితోడను కలియని యొంటరి. నీటిలోని ఫ్లోరైడు ఆ యుగ్రవాయువు కాదు, ఒక ఎలక్ట్రానును అదనముగ గైకొని శాంతించినది. అయినను దాని ప్రోటానులు తొమ్మిదియే.

పొయ్యిమంట ఎలక్ట్రానుల పొత్తులను మార్పగలదు గాని కేంద్రకమును తాకజాలదు. కట్టె బూడిద యగుట, బెల్లము పాకమై మాడుట, అన్నియు పొత్తుల మార్పులే. క్రిమి యట్టి పొత్తులతో కట్టబడిన ప్రాణి గనుక వేడికి చచ్చును. ఫ్లోరైడున చెదరగొట్టుటకు పొత్తేమున్నది? కాచిన పాత్ర యడుగున తెల్లని పెచ్చు కట్టుటను జూచి, చెడుగంతయు దిగిపోయినదని కొందఱు నమ్ముదురు. ఆ పెచ్చు చాలవఱకు సున్నపురాతి జాతిది. ఫ్లోరైడు నీటిలోనే యుండును.

ఇక భారము. ప్రోటానులను న్యూట్రానులను కలిపి లెక్కించిన వచ్చునది యిది. ఎలక్ట్రానుల బరువు లెక్కకు రాదు. ఫ్లోరీనులో 9, 10 చేరి 19. అనగా ఒక హైడ్రోజను పరమాణువునకు రమారమి 19 రెట్లు బరువు. ఉప్పులోని క్లోరీనుకు 35.5 అని చదివి, అర న్యూట్రా నెట్లుండునని పిల్లలు అడిగినచో వారిని గసరవలదు. అది మంచి ప్రశ్న. క్లోరీను పరమాణువులలో నాలుగింట మూడువంతులు 35 భారమువి, తక్కినవి 37 భారమువి. సంఖ్య యన్నిటికిని 17 కాగా, భారము సగటున నట్లు వచ్చినది.

1869లో మెండలీయెఫ్ మూలకములను భారమునుబట్టి వరుసలో నిలిపినప్పుడు టెల్లూరియము, అయొడీను చిక్కు తెచ్చిపెట్టినవి. బరువైన టెల్లూరియమును గుణములనుబట్టి ఆయన ముందే ఉంచవలసి వచ్చెను. ఏల యట్లయ్యెనో 1913లో మోస్లీ యను ఆంగ్ల యువకుడు ఎక్సు కిరణములతో తేల్చెను: వరుసను నిర్ణయించునది భారము కాదు, సంఖ్య. టెల్లూరియము 52, అయొడీను 53. రెండేండ్లకే, 27 ఏండ్ల ప్రాయమున, ఆతడు గల్లిపోలి యుద్ధరంగమున మడిసెను. యుద్ధములు మ్రింగిన విద్యలో నిదియొకటి.

నీటిపరీక్ష కాగితముపై ఫ్లోరైడు లీటరునకు ఇన్ని మిల్లీగ్రాములని యుండును. భారత ప్రమాణము ప్రకారము 1 వఱకు తగును. వేఱు నీరు దొరకనిచో 1.5 వఱకు ఓర్చుకొనవచ్చును. లీటరునకు 2 మిల్లీగ్రాములున్న నీటిని సగమునకు మరిగించినచో, మిగిలిన నీటిలో లీటరునకు 4 అగును. చంటిబిడ్డకు శ్రద్ధతో ఎంతసేపు కాచిన నంత చిక్కనైన ఫ్లోరైడును పట్టుచున్నారన్నమాట!

ఎముకలయందును పండ్లయందును హైడ్రాక్సిలను జంట కూర్చున్న తావులు కలవు. పరిమాణమునను విద్యుత్తునను తన్ను బోలిన ఆ జంటను త్రోసి ఫ్లోరైడు అచ్చట చేరును. పండ్లు ఏర్పడు వయసున, అనగా సుమారు ఎనిమిదేండ్లలోపున, త్రాగిన నీరే వానిపై మచ్చవేయును. పిమ్మట నెంత తోమినను ఆ మచ్చ పోదు.

కావున కాలువనీరు, చెరువునీరు, శుభ్రముగ పట్టిన వాననీరు దొరికినంత దానిని మొదట పిల్లల త్రాగుడునకును, పప్పు, అన్నము వండుటకును ఉంచవలెను. ఉతుకుటకు బోరునీరు చాలును. చెరువునీటిని మాత్రము క్రిములకొఱకు తప్పక కాచవలెను. ఫ్లోరైడును తొలగించుటకు పటికయు సున్నమును కలిపి తేర్చు నల్లగొండ పద్ధతి కలదు. అందు పాళ్లు నీటిని పరీక్షించిన పిమ్మటనే నిర్ణయింపవలెను, కంటిలెక్క పనికిరాదు. ఆర్.ఓ. యంత్రములును దీనిని చాలవఱకు ఆపును. రాగి, పాలు, పెరుగు తగినంత తిన్నచో సున్నపు ధాతువు చేకూరి హాని కొంత తగ్గును. గ్రామ నీటిపరీక్ష ఫలితమును అడిగి తెచ్చుకొని, అందు ఫ్లోరైడునకు ఎదురుగ నున్న అంకెను మొదట చూడుడు.