పొడపత్రి డబ్బా మీద మన ఊరి పేరేది?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పొడపత్రి ఆకు నమిలాక నోట్లో చక్కెర వేసుకుంటే ఎట్లుంటదో మీలో చాలామందికి తెలుసు. ఇసుక నమిలినట్టే. ఆ ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పట్టే చోట్లను కాసేపు మూసేస్తాయని సైన్స్ చెప్తుంది. హిందీలో దాని పేరే గుడ్‌మార్, అంటే బెల్లాన్ని చంపేది. ల్యాబు పుట్టకముందే ఆ పేరు పెట్టినోళ్లు ఎవరో ఆలోచించండి.

ఏగిస చెక్కదీ అదే కథ. చెక్క గ్లాసులో రాత్రంతా నీళ్లుంచి పొద్దున్నే తాగడం పాత అలవాటు. అందులోని ఎపికాటెచిన్, టెరోస్టిల్బిన్ అనే పదార్థాల మీద ఇప్పుడు పరిశోధనలు నడుస్తున్నాయి. ఇవి ఇన్సులిన్‌కు బదులు మాత్రం కావు. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దోళ్లు ఉంటే డాక్టర్‌కు చెప్పకుండా గోళీలు ఆపనివ్వకండి. గోళీలతో పాటు ఆకు కూడా వాడితే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు.

ఇక నా గొడవ వేరే. 1999లో అమెరికాలో కాకర, నేరేడు, పొడపత్రి, వంకాయలతో షుగర్‌కు పనిచేసే మిశ్రమం అని పేటెంట్ ఇచ్చారు. వంకాయకు కూడా పేటెంటే! మన దేశంలో సీఎస్ఐఆర్ ల్యాబులు తయారుచేసిన బీజీఆర్-34 గోళీలోనూ పొడపత్రి, ఏగిస ఉన్నాయి. మందు చేయడాన్ని నేను తప్పు పట్టను. ఆకు చూపించినోళ్లకు ఏం దక్కిందన్నదే నా ప్రశ్న.

2002 జీవవైవిధ్య చట్టం లాభంలో వాటా ఇవ్వాలంది. 2023లో దాన్ని సవరించి, గ్రంథాలకెక్కిన జ్ఞానాన్ని వాడుకునే దేశీ కంపెనీలకు ఆ బాధ్యత లేకుండా చేశారు. ఆకు గుణం ఆయుర్వేద పుస్తకంలో ఉంటే చాలు, కంపెనీ చేతులు దులుపుకోవచ్చు. మరి పుస్తకం రాసినాయనకు అడవిలో ఆ తీగ చూపించిందెవరు? నాకైతే ఇది కాగితం మీద జరిగిన భూకబ్జా లాగే కనిపిస్తుంది.

అయినా మన చేతిలో ఒకటుంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) సంప్రదాయ జ్ఞానం మీద సముదాయానికే హక్కు ఇచ్చింది. పోడు పట్టాల కోసం కొట్లాడినంతగా మనం దీన్ని పట్టించుకోలేదు. మీ పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉందా, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాశారా, రాస్తే మీ వెజ్జులను కూర్చోబెట్టుకుని రాశారా అని వచ్చే గ్రామసభలో అడగండి. మందు చెట్ల సర్వే అని ఎవరైనా వస్తే, ఒక్క ఆకు చూపించకముందే గ్రామసభ తీర్మానం ఏదని అడగండి.