సెల్లు అయిపోతే హీటరు ఏం చేస్తుంది?

చలి దిగింది. సిడ్లఘట్ట, చింతామణి పక్క రాత్రిళ్లు 15 డిగ్రీల దాకా పోతా ఉంది. గ్రూపులో దినానికొకరు వైర్‌లెస్ థర్మోస్టాట్ ఫోటో పెట్టి "తీసుకోవచ్చునా అన్నా?" అని అడుగుతా ఉండారు. నా మాట: తీసుకోండి. బొగ్గుల కుంపటి పొగలో చాకీ పురుగును పెట్టేదానికంటే మేలే. అయితే గోడకు కొట్టి, 27 అని పెట్టి, పోయి పడుకునే సామాను కాదు అది.

దాంట్లో రెండు డబ్బాలుంటాయి. ఒకటి పెన్ను సెల్లులతో నడుస్తూ గదిలో వేడిని చూస్తుంది. ఇంకోటి హీటరు పక్కన కరెంటుకు తగిలించేది. మొదటిది చెప్పినట్టు హీటరును వేస్తుంది, ఆర్పుతుంది. మధ్యలో వైరు లేదు. షెడ్డు కడిగి బ్లీచింగ్ కొట్టే రోజు సెల్లుల డబ్బాను విప్పి బయట పెట్టేయొచ్చు, మనకు అదే పెద్ద లాభం.

దాన్ని వాకిలి దగ్గర మనిషి ఎత్తులో కొట్టకండి. అది మనుషుల ఇంటికి సరి. మన పురుగు ఉండేది తట్టలో. నడిమి తట్ట ఎత్తులో, హీటరు గాలి నేరుగా తగలని చోట వేలాడదీయండి. పక్కనే మామూలు థర్మామీటరు ఒకటి పెట్టి, రెండూ ఒకే లెక్క చూపిస్తేనే నమ్మండి.

మొదటి రెండు దశలకు 27-28, మూడోదానికి 26, నాలుగోదానికి 25, ఆఖరుకు 24 దగ్గర. జ్వరం లేచినప్పుడల్లా మీరే మార్చాలి. తేమ సంగతి దానికి తెలియదు. హీటరు తిరిగేకొద్దీ ఆకు వాడుతుంది. చాకీకి 85 శాతం తేమ నిలవాలంటే తడి గోనె పట్టలు కట్టాల్సిందే.

నాకు అసలు భయం సెల్లులది. అర్ధరాత్రి సెల్లు అయిపోతే కొన్ని డబ్బాలు హీటరును ఆర్పేస్తాయి, కొన్ని ఉన్నది ఉన్నట్టే వదిలేస్తాయి. వెలిగిన హీటరు తెల్లారేదాకా ఆరకపోతే తట్టల్లో ఏం మిగులుతుందో మీకు చెప్పే పని లేదు. అందుకే పురుగు లోపలికి రాకముందే, హీటరు వెలుగుతుండగా సెల్లులు పీకి గంటసేపు చూడండి. ఆరలేదా, అంగడికి తిరిగి ఇచ్చేయండి. ఎంత తగ్గించి ఇస్తామన్నా వద్దు. ఆరేదైనా సరే, ప్రతి పంటకూ కొత్త సెల్లులు వేయండి. పాతవి టార్చికి పనికొస్తాయి.

2000 వాట్ల హీటరు 9 ఆంప్స్ దాకా లాగుతుంది. డబ్బా మీద రాసింది అంతకంటే తక్కువైతే ఎలక్ట్రీషియన్‌తో మధ్యలో కాంటాక్టరు పెట్టించండి. సెల్లులున్నాయి కదా, కరెంటు పోయినా హీటరు నడుస్తుందనుకునేరు. నడవదు.