రైలును లాగింది సరే, ఎంత దూరం?

పోయిన నెల మా తరగతిలో ఒక వాదన జరిగింది. సైన్స్ పీరియడ్‌లో మోటార్ పాఠం అయిపోయాక ఒక మిత్రుడు లేచి, "సార్, అమెరికాలో కరెంటు పికప్ బండి రైలునే లాగేసింది. ఇంక డీజిల్ బండ్లు ఎందుకు సార్?" అన్నాడు. సగం క్లాసు చప్పట్లు కొట్టింది. మిగతా సగం "బ్యాటరీ బండి బొమ్మ బండిరా, బరువు వేస్తే పడుకుంటాది" అని నవ్వింది. ఆ రోజు నేను నోరు మెదపలేదు. ఇంటికి పోయి లెక్క వేసుకున్నాక తెలిసింది, ఇద్దరిదీ తప్పేనని. కానీ చప్పట్లు కొట్టినవాళ్లది ఇంకా పెద్ద తప్పు అని నా వాదన.

ముందు ఆ రైలు సంగతి చూద్దాం. అది అబద్ధం కాదు. 2019లో ఫోర్డ్ కంపెనీ తన కరెంటు ఎఫ్-150 నమూనా బండితో 10 లక్షల పౌండ్లకు పైగా బరువున్న రైలు పెట్టెలను లాగించి వీడియో తీసింది. మన లెక్కలో 450 టన్నులకు పైనే. వింటే ఒళ్లు పులకరిస్తుంది. కానీ లాగింది ఎంత దూరం? సుమారు 1,000 అడుగులు, అంటే 300 మీటర్లు. పైగా ఇనుప పట్టాల మీద ఇనుప చక్రాలకు ఒరిపిడి చాలా తక్కువ. తారు రోడ్డు మీద రబ్బరు టైర్లతో అంత బరువును లాగమంటే కథ వేరే.

తెలుగువాళ్లకు ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. ఆంధ్రలో తిరునాళ్లకు బండలాగుడు పోటీలు పెడతారు. ఎద్దుల జత పెద్ద బండను ఈడుస్తుంది, అదీ కొన్ని నిమిషాలే. దాన్ని చూసి "ఈ ఎద్దులకు ఇదే బండ కట్టి పక్క జిల్లాకు తోలుకుపోతా" అని ఏ రైతూ అనడు. బలం వేరు, దమ్ము వేరు.

కరెంటు మోటార్‌కు బలం ఉంది, ఒప్పుకోవాల్సిందే. డీజిల్ ఇంజన్‌కు కొంత వేగం అందుకున్నాకే పూర్తి లాగుడు వస్తుంది. మోటార్‌కు ఆగి ఉన్న చోటనే పూర్తి లాగుడు ఉంటుంది. కాబట్టి బొమ్మ బండి అని నవ్వినవాళ్లు ఓడిపోయినట్టే. కానీ దమ్ము మోటార్‌లో ఉండదు, బ్యాటరీలో ఉంటుంది.

ఆ బ్యాటరీని కొలుద్దాం. 2022లో అమ్మకానికి వచ్చిన ఎఫ్-150 లైట్నింగ్ పెద్ద బ్యాటరీలో 131 యూనిట్ల కరెంటు పడుతుంది. ఇవి మన ఇంటి బిల్లులో ఉండే యూనిట్లే. మన తమిళనాడులో 2016లో ఇళ్లకు రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. అంతకన్నా ఎక్కువ కరెంటు ఒక్క బండి కడుపులో ఉందన్నమాట. చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ ఒక లీటరు పెట్రోల్‌లో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే 131 యూనిట్లు సుమారు 15 లీటర్ల పెట్రోల్‌తో సమానం! పెట్రోల్ ఇంజన్ తాగినదాంట్లో ముప్పాతిక వంతు వేడిగా పారేస్తుంది, మోటార్ అలా పారేయదు. అందుకే ఆ 15 లీటర్ల శక్తితోనే ఖాళీ బండి 500 కిలోమీటర్లు దాటి పోగలుగుతుంది. అయినా మొత్తం నిల్వ చిన్నదే. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగిలినదంతా సులువు.

ఇప్పుడు డేరా వేసుకుని రెండు మూడు రోజులు బయట గడిపే క్యాంపింగ్ సంగతి. దీనికి కరెంటు పికప్ చాలా బాగా సరిపోతుంది అంటాను నేను. చిన్న ఫ్రిజ్, నాలుగు లైట్లు, ఒక ఫ్యాన్, గంటసేపు కరెంటు పొయ్యి, అన్నీ కలిపినా రోజుకు 5 యూనిట్లు దాటవు. మూడు రోజులకు 15. బ్యాటరీలో ఎనిమిదో వంతు కూడా పూర్తిగా కాదు. జనరేటర్ మోత లేదు, పొగ లేదు. రాత్రి పడుకున్నప్పుడు ఆ పొగ డేరాలోకి వస్తే ప్రాణానికే ముప్పు, ఆ భయమూ లేదు. ఒకే షరతు, పోయి రావడానికి రెండు వైపులా చార్జి మిగలాలి. అడవిలో ప్లగ్గు ఉండదు కదా.

కానీ అదే బండి వెనుక ఇల్లులాంటి పెద్ద ట్రైలర్ కట్టి దూరం పోవాలంటే? ఇక్కడే నేను చప్పట్లవాళ్లతో గొడవ పడుతున్నాను. ఎత్తుగా, డబ్బాలాగా ఉండే ట్రైలర్ గాలిని చీల్చలేదు, నెట్టుకుంటూ పోతుంది. వేగం రెండింతలైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. అక్కడ ట్రైలర్ కట్టి నడిపి చూసినవాళ్లకు దూరం సగానికి పడిపోయింది, కొన్నిసార్లు అంతకన్నా తక్కువకే. సగం అనే లెక్క పెట్టుకుందాం. 515 కిలోమీటర్లు 257 అయింది. దారిలో వేగంగా చార్జి పెడితే మామూలుగా 80 శాతం దగ్గర ఆపుతారు, 15 శాతం మిగిలేసరికి మళ్లీ వెతుక్కుంటారు. చేతికి వచ్చేది 65 శాతం, అంటే 167 కిలోమీటర్లు. గంటన్నర పైన కాస్త నడపడం, ముప్పావు గంట ఆగడం. చాలా చార్జింగ్ స్టేషన్లు కారు నిలిపే చోటులాగా ఉంటాయి, ట్రైలర్‌తో పట్టదు. ప్రతిసారీ ఊడదీయాలి, మళ్లీ తగిలించాలి. పెట్రోల్ బండికీ ట్రైలర్ కడితే మైలేజీ పడిపోతుంది, నిజమే. కానీ దానికి ఐదు నిమిషాల్లో ట్యాంకు నిండుతుంది.

ఇది నా ఊహ అనుకోకండి. ఫోర్డ్ కంపెనీయే 2025 డిసెంబరులో బ్యాటరీతోనే నడిచే లైట్నింగ్ తయారీకి స్వస్తి చెప్పి, తర్వాత వచ్చేదానిలో బ్యాటరీని నింపడానికి పెట్రోల్ జనరేటర్ కూడా పెడతామని ప్రకటించింది. రైలు లాగిన బండి కథ అక్కడికి వచ్చింది.

"అమెరికావాళ్ల ట్రైలర్లతో హోసూరులో మనకేం పని?" అంటారా? ఉంది. మా నాయన చిన్న సరుకు బండి నడుపుతారు. టమాట పెట్టెలు, గులాబీ కట్టలు బెంగళూరు మార్కెట్టుకు వేస్తారు. డీజిల్ ఖర్చు తట్టుకోలేక కరెంటు బండి కొందామని నన్నూ వెంటబెట్టుకుని ఒక షోరూంకు పోయినారు. అద్దం మీద ఒక్క చార్జికి ఎన్ని కిలోమీటర్లో పెద్ద అక్షరాల్లో రాసుండాది. నాయన అడిగినారు, "బరువు వేసుకుంటే ఎంత వస్తాదప్పా?" ఆ అన్న నవ్వి, "అది రోడ్డును బట్టి సార్" అన్నాడు. మళ్లీ అడిగితే, "ఎంత బరువైనా లాగుతుంది సార్" అన్నాడు. మేము అడిగింది లాగుతుందా అని కాదు, ఎంత దూరం అని. రైలు వీడియో చేసిన పనే ఆ అన్నా చేసినాడు. బ్యాంకు అప్పు కాక అమ్మ గాజులు కూడా కుదువ పెట్టి కొనే బండికి ఈ జవాబు చాలదు.

రాత్రి నేనూ నాయనా కూర్చుని లెక్క వేసినాము. బెంగళూరుకు 40 కిలోమీటర్లు, రానూ పోనూ 80. పోయేటప్పుడే బరువు, వచ్చేటప్పుడు దాదాపు ఖాళీ. అద్దం మీద రాసిన దూరంలో మూడో వంతు కోసేసినా సరిపోతుంది, రాత్రి ఇంట్లోనే చార్జి. ఈ పనికి కరెంటు బండి మంచిదే. కానీ పండగ రోజుల్లో నాయన చెన్నైకి కూడా లోడు వేస్తారు, అది 300 కిలోమీటర్ల పైమాటే. దానికి పనికిరాదు. ఒకే బండి, రెండు దారులు, రెండు జవాబులు. నాయన ఇంకా తేల్చుకోలేదు. కానీ ఇప్పుడు ఏం తేల్చుకోవాలో తెలుసు.

అందుకే నేను అడిగేది ఇది. సరుకు మోసే ప్రతి కరెంటు బండి మీదా రెండు అంకెలు పక్కపక్కనే, ఒకే సైజు అక్షరాల్లో రాయాలి: ఖాళీగా ఎంత దూరం, నిండు బరువుతో ఎంత దూరం. రాయమని చట్టం చేయాలి. చట్టం వచ్చేదాకా మనమే అడగాలి. మనలో చాలామంది ఇళ్లలో ఆటోలు, టెంపోలు, సరుకు బండ్లు ఉన్నాయి. షోరూంకు పెద్దవాళ్లు పోయేటప్పుడు మనమూ పోదాం. చదువుకున్నది మనం కదా, కాగితం తీసి మనమే అడుగుదాం. జవాబు చెప్పకపోతే బయటికి వచ్చేద్దాం.

చప్పట్లు కొట్టిన మిత్రులారా, మళ్లీ ఎవరైనా "రైలును లాగింది" అంటే చేతులు కాసేపు ఆపండి. "ఎంత దూరం?" అని అడిగి, జవాబు విన్నాక కొట్టండి.