అద్దె పావతి లేనివాళ్లు ఏ లెక్కలోకి వస్తారు?

ముంబయిలో కామాఠిపురా నేలమట్టం కావడానికి రంగం సిద్ధమవుతోంది. ముప్పై ఎకరాలకు అటూ ఇటూగా ఉండే పేట అది. గల్లీలకు పేర్లకన్నా అంకెలే ఎక్కువ వాడుక: ఒకటో గల్లీ, రెండో గల్లీ, అలా పద్నాలుగు, పదిహేను దాకా. 900కు పైగా పాత భవనాలు, వాటిలో దాదాపు ఎనిమిది వేల మంది అద్దెదారులు. మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా ఈ పేటనంతా ఒకే ముక్కగా తీసుకుని, పాతవి కూల్చి, టవర్లు కట్టించాలని నిర్ణయించింది. అర్హత తేలిన అద్దెదారుకు 500 చదరపు అడుగుల ఫ్లాటు సొంతానికి ఇస్తారట. పైసా తీసుకోరట.

అద్దెదారుకు, సొంతానికి. హైదరాబాద్‌లో ఉండి ఈ వార్త చదివేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మన దగ్గర రోడ్డు వెడల్పు చేసినా, నది ఒడ్డు ఖాళీ చేయించినా, మెట్రో వేసినా అద్దెకున్నవాడి పాత్ర ఒకటే: సామాన్లు సర్దుకోవడం.

కామాఠిపురా అనగానే చాలామందికి గుర్తొచ్చేది 2022లో వచ్చిన 'గంగూబాయి కాఠియావాడి' సినిమా. పేటంతా వేశ్యావాటికే అన్నట్టు చూపి పరువు తీస్తున్నారని అప్పట్లో అక్కడివాళ్లు గొడవ చేశారు కూడా. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. వేశ్యావాటిక కొన్ని గల్లీలకే పరిమితం, అదీ ఇప్పుడు వేలల్లోంచి వందల్లోకి తగ్గింది. అంతకంటే ముందు ఈ పేట తెలుగువాళ్లది. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్టతో సముద్రపు పోటును ఆపాక, ఆ పల్లపు నేలల్లోకి జనం దిగారు. నిజాం రాజ్యం నుంచి రాళ్లు కొట్టడానికి, మట్టి మోయడానికి, ఇళ్లు కట్టడానికి వచ్చిన కూలీలను ముంబయి కామాఠీలంది. వాళ్లుండే చోటు కామాఠిపురా అయింది. వాళ్లలో కొందరు కాంట్రాక్టర్లుగా ఎదిగారు. ఇవాళ్టికీ ముంబయి మున్సిపల్ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయంగా ఉన్న భవనాన్ని 1893 నాటికి కట్టి నిలబెట్టిన కాంట్రాక్టరు వెంకూ బాలోజీ కాలేవార్ ఆ తెలుగు సమాజంవాడే. జ్యోతిరావు ఫూలే సత్యశోధక ఉద్యమానికి ముంబయిలో వెన్నుదన్నుగా నిలిచినవాళ్లలో ఆయన, రామయ్య వెంకయ్య అయ్యవారు లాంటి తెలుగువాళ్లు ముఖ్యులు. ఊరు కట్టినవాళ్ల పేటకు ఇప్పుడు కూల్చే వంతు వచ్చిందన్నమాట.

కూల్చడం మంచిదా చెడ్డదా అన్నది నా దృష్టిలో సగం ప్రశ్నే. వందేళ్ల నాటి కలప దూలాల మీద నాలుగంతస్తులు ఊగుతుంటే 'వారసత్వం' అంటూ దూరం నుంచి కన్నీళ్లు పెట్టడం తేలిక. 2017 ఆగస్టు 31న, పక్కనే భేండీ బజార్‌లో, హుస్సేనీ భవనం పొద్దున్నే కూలి ముప్పై మందికి పైగా చనిపోయారు. అది కూల్చి కట్టాల్సిన భవనాల జాబితాలో ఉన్నదే. జాబితాలో ఉన్నా, కొందరు ఖాళీ చేసినా, మిగిలినవాళ్లు అందులోనే ఉండిపోయారు. కాబట్టి కూల్చాలా వద్దా అనేదాన్ని ఇంజనీర్లకు వదిలేద్దాం. కూల్చేముందు ఎవర్ని లెక్కపెట్టారు, ఎవర్ని పెట్టలేదు అనేది ముందు తేలాలి.

ముంబయి ఈ లెక్క ఒకసారి ఘోరంగా తప్పింది. 1896లో ప్లేగు వచ్చాక, 1898లో బ్రిటిష్ ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును పెట్టింది. గాలీ వెలుతురూ లేని ఇరుకు చాళ్లే రోగానికి మూలమని తేల్చి, వాటిని కొనడం, కూల్చడం, వెడల్పాటి రోడ్లు వేయడం మొదలుపెట్టింది. కామాఠిపురాకు ఆనుకునే ఉన్న నాగ్‌పాడా ఆ తొలి పథకాల్లో ఒకటి. పరిహారం 1894 నాటి భూసేకరణ చట్టం ప్రకారం యజమానికి అందింది. గదికి అద్దె కట్టుకుంటూ బతికే మిల్లు కూలీకి అందలేదు. ట్రస్టు కూల్చినంత వేగంగా కట్టలేదు, కట్టినవాటి అద్దెను చాలామంది కూలీలు భరించలేకపోయారు. వాళ్లు ఎక్కడికి పోతారు? పని దగ్గరే ఉండాలి కనుక పక్క పేటల్లోకే పోయారు. అక్కడి గదుల్లో నలుగురున్న చోట ఎనిమిది మందయ్యారు. ఒక మురికివాడను తీసేసి, దాని ఇరుకును పక్కవాడకు బదిలీ చేయడానికి అంత డబ్బు ఖర్చుపెట్టారు. 1933లో ట్రస్టును మున్సిపాలిటీలో కలిపేశారు.

మరి అదే నగరంలో అద్దెదారుకు ఇవాళ ఇంత విలువ ఎలా వచ్చింది? దయతో రాలేదు. 1947 నాటి అద్దెల చట్టం పాత అద్దెలను బిగించి, అద్దెదారును తేలిగ్గా ఖాళీ చేయించకుండా కట్టడి చేసింది. అద్దె అక్కడే ఆగిపోవడంతో యజమానులు మరమ్మతులు మానేశారు. ఆ తర్వాత 1969లో ప్రభుత్వం అద్దెదారుల దగ్గర సెస్ వసూలు చేసి తానే మరమ్మతులు చేయించే ఏర్పాటు తెచ్చింది. అప్పట్లో అలా లెక్కకొచ్చిన భవనాలు 19 వేల పైచిలుకు. 'సెస్ భవనాలు' అనేది అప్పటి నుంచీ వచ్చిన మాట. క్రమంగా కూల్చి కట్టే నిబంధనల్లో కూడా అద్దెదారు తప్పించుకోలేని భాగస్వామి అయ్యాడు. అద్దెదారుల్లో ఎక్కువమంది సమ్మతి లేకుండా ఫైలు కదలదు, అతనికి ఇల్లు ఇవ్వకుండా బిల్డరు అమ్ముకోలేడు.

ఈ వ్యవస్థ అంతా ఒక కాగితం మీద నడుస్తుంది. దాని పేరు పావతి, అంటే అద్దె రసీదు. కామాఠిపురాలో ఏ పాత ఇంటి మెట్లెక్కినా (మెట్లు అనడం మర్యాదకు, నిజానికి అవి నిచ్చెనకు దగ్గర చుట్టాలు, పట్టుకోవడానికి పైనుంచి తాడు వేలాడుతుంటుంది) పదడుగుల గది, గదిలో చేయెత్తితే తగిలే అటక, అటక మీద ట్రంకుపెట్టె, ఆ పెట్టెలో పాత పావతుల కట్ట. పావతి మీద తాత పేరు. తాత పోయి ఏళ్లవుతుంది, పేరు మార్పించాలంటే యజమానికి సమర్పించుకోవాలి కాబట్టి ఎవరూ మార్పించలేదు. నెల అద్దె వందల్లోనే. ఆ గది హక్కు పగడీ కింద, అంటే కొత్త అద్దెదారు పెద్ద మొత్తం కట్టి తీసుకునే పద్ధతిలో, చేతులు మారితే మాత్రం లక్షలు, అందులో మూడోవంతు దాకా యజమాని వాటా. ఒకే పావతి మీద ముగ్గురు అన్నదమ్ముల సంసారాలు: ఒకరు గదిలో, ఒకరు అటక మీద, మూడోవాళ్లు భివండీకో వసయ్‌కో పోయి పండగలకు వచ్చేవాళ్లు. ఇప్పుడు 500 అడుగుల ఫ్లాటు వస్తుందంటే, ఆ మూడోవాళ్లూ పావతి అడుగుతున్నారు. పునర్నిర్మాణంలో బిల్డర్ల మోసాల గురించే అందరూ రాస్తారు. అన్నదమ్ముల మధ్య నడిచే కేసుల గురించి తక్కువ రాస్తారు. ఏళ్లు గడిచిపోయేది రెండింటి వల్లా.

పావతి ఉన్నవాడికీ దారి సాఫీ కాదు. ట్రాన్సిట్ క్యాంపుకు తాత్కాలికంగా వెళ్లినవాళ్లు అక్కడే మనవళ్లను ఎత్తుకున్న సంగతులు ముంబయిలో కొల్లలు. భేండీ బజార్‌లో దావూదీ బోహ్రాల ట్రస్టు 2009లో పని మొదలుపెట్టింది. పదహారున్నర ఎకరాలు, 250 దాకా భవనాలు, 3,200 కుటుంబాలు, 1,250 దుకాణాలు. ఒక ధార్మిక సంస్థ అండ, దాదాపు ఒకే సమాజపు నమ్మకం ఉండి కూడా తొలి టవర్లు చేతికి రావడానికి 2020 అయింది. వర్లీ బీడీడీ చాళ్లను వందేళ్ల కిందట బ్రిటిష్ ప్రభుత్వపు బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టింది, 160 అడుగుల గదులవి. అక్కడ తొలి విడతగా 556 కుటుంబాలు 2025 ఆగస్టులో తాళాలు అందుకున్నాయి. ఆ చాళ్లలోనూ మన తెలంగాణ జిల్లాల నుంచి మిల్లు పనికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. వందల్లో అద్దె కట్టినవాళ్లు రేపు లిఫ్టుకు, వాచ్‌మన్‌కు, నీళ్ల పంపుకు నెలనెలా వేలల్లో మెయింటెనెన్స్ కట్టాలి. కట్టలేనివాళ్లు ఫ్లాటు అద్దెకిచ్చి లోకల్ రైలెక్కి దూరం వెళ్లిపోతారు. అలా వెళ్లడం ఓటమి అని నేననను. చేతిలో ఆస్తితో వెళ్లడానికీ ఉత్త చేతులతో వెళ్లడానికీ చాలా తేడా ఉంది.

ఉత్త చేతులవాళ్లు కామాఠిపురాలోనే ఉన్నారు. జరీ కార్ఖానాలో పగలు మగ్గం ముందు కూర్చుని, రాత్రి దాన్నే పక్కకు జరిపి పడుకునే బిహారీ కుర్రాళ్లకు పావతి లేదు. పరదాతో మూడు భాగాలు చేసిన గదిలో, మంచానికి రోజు లెక్కన అద్దె కట్టే స్త్రీలకు పావతి లేదు. పావతి ఉన్నవాడు వాళ్లమీద వసూలు చేసిన దాంట్లోంచే తన వందల అద్దె కడతాడు. రేపు ఫ్లాటు అతనికే వస్తుంది. పేట పరువు నిలబడాలనుకునే అద్దెదారుల సంఘాలకూ ఈ స్త్రీలు మాట్లాడకుండా వెళ్లిపోతేనే మేలు. ముంబయి నమూనా గొప్పదే కానీ, లెక్కలోకి వచ్చేవాళ్లకూ రానివాళ్లకూ మధ్య గీతను అది చెరిపేయలేదు, కాస్త కిందికి జరిపిందంతే.

హైదరాబాద్‌లో ఆ గీత ఇంకా యజమాని దగ్గరే ఉంది. పాతబస్తీ మెట్రో సంగతే చూడండి. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు. దారుల్‌షిఫా, శాలిబండ మీదుగా రోడ్డును వెడల్పు చేయాలి. గజానికి 81 వేల రూపాయలు ప్రకటించి, 2025 జనవరిలో చెక్కులివ్వడం మొదలుపెట్టారు. ధర సరిపోదని కొందరన్నా, బలవంతం లేకుండా మాట్లాడుకుని తీసుకోవడం మెచ్చదగ్గదే. అయితే గజాల లెక్క గజాలున్నవాడికే. తండ్రి కాలం నుంచీ ఒకే మడిగెలో అద్దెకు ఉండి అత్తరో ఇత్తడి సామానో అమ్మేవాడికి ఎన్ని గజాలు? అతని ఆస్తి గజాల్లో లేదు, ఆ మూలకు అలవాటుపడ్డ కొనుగోలుదారుల్లో ఉంది. 2024లో చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్‌లలో మూసీ గర్భంలోని ఇళ్ల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేసి, డబుల్ బెడ్‌రూం ఇళ్లకు పంపినప్పుడూ ఇదే చిక్కు. గుర్తు ఇంటికి ఒకటి, లోపల సంసారాలు రెండో మూడో.

చట్టం లేక కాదు. 2013 భూసేకరణ చట్టం 'ప్రభావిత కుటుంబం' అన్నప్పుడు యజమానితో ఆగలేదు. పట్టణంలో సేకరించే స్థలంలో మూడేళ్లుగా నివసిస్తున్న కుటుంబాన్నీ, మూడేళ్లుగా అక్కడి పని మీద బతుకుతున్న కుటుంబాన్నీ అందులో చేర్చింది. వాళ్లకు పునరావాసం, రవాణా ఖర్చు, చిన్న వ్యాపారికి ఒకసారి సాయం, ఏడాదిపాటు జీవనభృతి రెండో షెడ్యూలులో రాసి ఉన్నాయి. పత్రికా సమావేశంలో గజం ధర ఘనంగా చెబుతారు, రెండో షెడ్యూలు ఊసు అరుదుగా వస్తుంది.

ముంబయి ఫ్లాటు పద్ధతిని ఉన్నదున్నట్టు మనం తెచ్చుకోలేమన్నదీ ఒప్పుకోవాలి. అక్కడ ఫ్లోర్ స్పేస్ మీద గట్టి పరిమితి ఉంది కాబట్టే దాన్ని సడలించడం బిల్డరుకు బంగారం. పేటనంతా కలిపి కట్టే క్లస్టర్ పథకంలో స్థలానికి నాలుగు రెట్లు కట్టుకోనిస్తారు, మిగులు అంతస్తులు అమ్మిన డబ్బుతోనే అద్దెదారుల ఇళ్లు లేస్తాయి. హైదరాబాద్‌లో 2006లోనే ఆ పరిమితి ఎత్తేశారు. ఎత్తును రోడ్డు వెడల్పు, వదలాల్సిన ఖాళీ స్థలం నిర్ణయిస్తున్నాయి. ఎవరైనా కట్టుకోగల దాన్ని బహుమానంగా ఎవరికి అమ్ముతాం? అందుకే ఇక్కడ పునరావాసం ఖర్చు ఖజానాలోంచే రావాలి. పాలకులకు ఇది నచ్చని నిజం.

మనకు సొంత అనుభవం లేకపోలేదు. 1908 మూసీ వరద తర్వాత 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు వాడలు తీసేసి, వాటి స్థానంలో ఇళ్లు కట్టించింది. చార్మినార్ దారిని వెడల్పు చేసి, రెండు వైపులా రాతి కమానుల కింద దుకాణాలు, పైన నివాసాలుగా పత్తర్‌గట్టీని లేపింది. అది ఉదారమైన రాజరికమనో, అందరికీ న్యాయం చేసిందనో నేననను. కానీ వెడల్పు చేసిన రోడ్డు పక్కనే దుకాణానికి చోటు ఉండాలన్న ఆలోచన ఆ ప్లానులో ఉంది. పాతబస్తీ మెట్రో స్టేషన్ల కింద, పక్కన వచ్చే వాణిజ్య స్థలంలో, తొలగించిన మడిగెల అద్దెదారులకు పాత అద్దెకు దగ్గరి ధరలో మొదటి హక్కు ఇవ్వడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఒక్క ఉత్తర్వు చాలు.

రుజువులు దొరకవనే సాకు కూడా నిలవదు. ముంబయిలో పావతి చేసే పని ఇక్కడ మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, కరెంటు బిల్లు, రేషన్ కార్డు, పిల్లల స్కూలు రికార్డు కలిసి చేయగలవు. రంగు డబ్బా పట్టుకుని వీధిలోకి దిగకముందే ప్రతి గుమ్మం దగ్గరా యజమాని ఎవరు, ఉంటున్నది ఎవరు, పని చేసుకుంటున్నది ఎవరు అని మూడు ప్రశ్నలు వేసి, జాబితాను వార్డు ఆఫీసు గోడకు అంటించి, అభ్యంతరాలకు నెల గడువివ్వాలి. ఆ జాబితాలో దొంగ పేర్లు చేరతాయి, నిజమే. కామాఠిపురా అర్హుల జాబితాలోనూ అలాంటివి ఉంటాయి. వాటిని ఏరడానికి అధికారులున్నారు. అసలు లేని జాబితాను సరిదిద్దడానికి మాత్రం ఎవరూ లేరు.