స్కానింగు కంటే ముందు నాడి చూడనివ్వండి



తలకు దెబ్బ తగిలినవారిని క్యాజువాలిటీకి తేగానే బంధువులు మొదట అనే మాట ఒకటే: "సిస్టరమ్మా, ముందు స్కానింగు తీయించండి!" మేము బి.పి. పట్టీ చుట్టి, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి, నాడి, శ్వాస లెక్కిస్తుంటే ఆలస్యం చేస్తున్నామని కోప్పడతారు. వారి ఆదుర్దా నాకు తెలుసు. స్కానింగు వద్దనడం లేదు. కాని ఆ నాలుగు అంకెలు చూడకుండా, వాటిని సరిచేయకుండా రోగిని కదిలించడం ప్రమాదమని నా గట్టి అభిప్రాయం.

దెబ్బ తగిలిన క్షణంలో మెదడుకు జరిగిన నష్టాన్ని ఎవరమూ వెనక్కి తీసుకోలేము. ఆ తరువాత జరిగే నష్టాన్ని చాలావరకు ఆపవచ్చు. రక్తం, ప్రాణవాయువు సరిగా అందకపోతే మెదడులో మిగిలిన కణాలు కూడా చనిపోతాయి. అమెరికాలో 717 మంది తీవ్ర తలగాయాల రోగులను పరిశీలించి 1993లో ప్రచురించిన అధ్యయనంలో, తొలి చికిత్స పూర్తయ్యేలోగా పై బి.పి. 90 కంటే పడిపోయినవారిలో మరణాలు కనీసం రెట్టింపుగా కనిపించాయి.

పెద్దవారిలో బి.పి. పడిపోతే కడుపులోనో, విరిగిన తొడ ఎముక దగ్గరో రక్తం పోతున్నదేమోనని వెదుకుతాము. బి.పి. బాగా పెరిగి, నాడి నెమ్మదించి, శ్వాస క్రమం తప్పితే పుర్రె లోపల ఒత్తిడి పెరుగుతున్నదని హెచ్చరిక. స్పృహను గ్లాస్గో స్కోరుతో 3 నుండి 15 వరకు కొలుస్తాము. 8 లేక అంతకు తక్కువైతే తీవ్రమైన గాయమే. మొదట అంకెలు బాగున్నా తరువాత మారవచ్చు, అందుకే మళ్లీ మళ్లీ చూస్తాము.

దారిలో మీ వంతు పని కూడా ఉన్నది. వెంటనే 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు, సోడా పోయకండి. మెడ మెలిపడనివ్వకండి. వాంతి అయితే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉంచి పక్కకు తిప్పండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ అదిమిపట్టండి. "తాగి పడిపోయాడు, పడుకుంటే తగ్గుతుంది" అని వదిలేయకండి.

పోలీసు కేసు భయంతో తప్పుకోవద్దు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సాయపడినవారికి రక్షణ కల్పించింది. మంచి సమరయుని ఉపమానం ఎన్నోసార్లు విన్నాము. దారిలో మీరు సమరయులు కండి. గుమ్మం దాటాక ఆ కొద్ది నిమిషాలు మాకివ్వండి.