మంచు అడవికి వెళ్తున్నారా?

"మా అబ్బాయి అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో చదువుకుంటున్నాడు. క్రిస్మస్ సెలవుల్లో నలుగురు స్నేహితులు కలిసి ఉత్తరాన అడవిలో క్యాబిన్ అద్దెకు తీసుకుని నాలుగు రోజులు ఉంటారట. ఒక రాత్రి గుడారంలో కూడా పడుకుంటారట. వద్దంటే వినడం లేదు. ఏం జాగ్రత్తలు చెప్పమంటారు?" అని ఒక తల్లి రాశారు.

వద్దనకండమ్మా, వెళ్ళి రానివ్వండి. అక్కడివాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని చలికాలంలో ఇలా వెళ్ళి వస్తూనే ఉంటారు. గడ్డకట్టిన సరస్సుకు కన్నం తొలిచి చేపలు కూడా పడతారు. అయితే ఆ చలిలో ఎలా మెలగాలో వాళ్ళు చిన్నతనం నుంచీ నేర్చుకున్నారు. మనకు తెలిసిన చలి వైద్యం సంక్రాంతి చలికి సరిపోయేది. తలుపులు బిగించడం, కుంపటి పెట్టుకోవడం, చేతులు రుద్దుకోవడం, మంట కాచుకోవడం. అదే వైద్యం అక్కడ చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఈ వారం ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

అక్కడి చలి ఎంత?

మిన్నెసోటా ఉత్తరాన, కెనడా సరిహద్దును ఆనుకుని బౌండరీ వాటర్స్ అనే అరణ్యం ఉంది. సుమారు 11 లక్షల ఎకరాలు, వెయ్యికి పైగా సరస్సులు. జనవరి రాత్రుల్లో మైనస్ 20 డిగ్రీల సెంటిగ్రేడు అక్కడ మామూలే. ఆ చేరువలోని టవర్ అనే ఊళ్ళో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 డిగ్రీలు నమోదయింది. మన ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే అరలో ఉండేది మైనస్ 18 మాత్రమే. ఆ మైనస్ 18కి గంటకు 24 కిలోమీటర్ల గాలి తోడైతే, కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చు.

వణుకు ఆగితే సంతోషించకండి

మన శరీరం లోపలి వేడి సుమారు 37 డిగ్రీలు. అది 35 కన్నా తగ్గితే హైపోథెర్మియా అంటాము. మొదట ఒళ్ళంతా వణుకుతుంది. వణుకు మంచిదే, శరీరం వేడి పుట్టించుకుంటోందన్నమాట. తర్వాత మాట తడబడుతుంది, నడక తూలుతుంది, చొక్కా బొత్తాం పెట్టుకోవడం చేతకాదు. "నాకేం కాలేదు, వదిలేయండి" అని విసుక్కుంటాడు. ఇంకా చల్లబడి 32 డిగ్రీల ప్రాంతానికి వచ్చేసరికి వణుకు ఆగిపోతుంది. పక్కవాళ్ళు తేరుకున్నాడనుకుంటారు. నిజానికి శరీరం చేతులెత్తేసింది. కొందరు ఆ దశలో ఒంటి మీది బట్టలు కూడా విప్పేస్తారు. ఈ స్థితి రోగికి తనంతట తెలియదు. అందుకే ఇద్దరిద్దరుగా జట్టుకట్టి ఒకరినొకరు గమనించుకోవాలి.

అలాంటివాడిని వెంటనే లోపలికి చేర్చి, తడిబట్టలు తీసి, పొడిబట్టలు, దుప్పట్లు చుట్టండి. ఒంటికింద కూడా మందంగా పరవండి. ఛాతీకి, మెడకు వెచ్చదనం తగలాలి. స్పృహ ఉండి మింగగలిగితే తీపి కలిపిన వేడి పానీయం ఇవ్వండి. కాళ్ళూచేతులూ మర్దనా చేయకండి, లేపి నడిపించకండి. చల్లబడిన గుండె చిన్న కుదుపుకే లయ తప్పవచ్చు. 911కు ఫోను చేయాలి. నాడి అందలేదని ఆశ వదలకూడదు. 1999లో నార్వేలో మంచు కింద నీటిలో చిక్కుకున్న ఒక లేడీ డాక్టరు శరీరోష్ణం 13.7 డిగ్రీలకు పడిపోయినా ఆమె బతికి, మళ్ళీ వైద్యవృత్తి చేశారు.

మంచుకాటుకు మంట వైద్యం వద్దు

వేళ్ళు, ముక్కు, చెవులు తెల్లబారి, మైనంలా బిరుసెక్కి, స్పర్శ పోతే అది మంచుకాటు. 1812లో నెపోలియన్ సైన్యం రష్యా నుంచి తిరిగివస్తున్నప్పుడు, రాత్రిళ్ళు మంటల దగ్గర కాళ్ళు కాచుకున్న సైనికులకు ఆ కాళ్ళే కుళ్ళిపోవడం సైనిక వైద్యుడు లారే గమనించాడు. దాంతో మంచుతో రుద్దమన్నాడు. ఆ సలహా నూరేళ్ళకు పైగా చెలామణి అయింది. అదీ తప్పేనని తర్వాత తేలింది. 1960 ప్రాంతంలో అలాస్కాలో డాక్టర్ విలియం మిల్స్ గోరువెచ్చని నీటి వైద్యమే మేలని చూపించారు. నీళ్ళు 37 నుంచి 39 డిగ్రీలుండాలి, మోచేయి పెడితే హాయిగా ఉండాలి. సుమారు అరగంట ఉంచాలి. నొప్పి పుడుతుంది, ఓర్చుకోవాలి. రుద్దకూడదు. కరిగిన భాగం మళ్ళీ గడ్డకట్టే ప్రమాదం ఉంటే మాత్రం, ఆసుపత్రి చేరేదాకా కరిగించకపోవడమే మంచిది.

బ్రాందీ వేడి చేస్తుందన్నది కూడా భ్రమే. చర్మంలోని రక్తనాళాలు వెడల్పై ఒళ్ళు వెచ్చగా అనిపిస్తుంది. ఆ వేడి లోపలినుంచి తరలిపోతున్నదే.

అన్నిటికన్నా పెద్ద శత్రువు

క్యాబిన్‌లో కట్టెల పొయ్యి ఉంటుంది. గుడారంలో గ్యాసు పొయ్యి వెలిగించాలనిపిస్తుంది. గాలి చాలక మండే ప్రతి పొయ్యీ కార్బన్ మోనాక్సైడును వదులుతుంది. దానికి రంగు, వాసన లేవు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. 1934లో అమెరికన్ అన్వేషకుడు రిచర్డ్ బర్డ్ అంటార్కిటికాలో ఒంటరిగా గుడిసెలో ఉంటూ, పొయ్యి నుంచి వచ్చిన ఈ వాయువుతోనే దాదాపు ప్రాణం పోగొట్టుకున్నాడు. బయటి చలి చేయలేని పని లోపలి పొయ్యి చేయబోయింది.

నేను ఏజెన్సీ ప్రాంతంలో పనిచేసే రోజుల్లో ఒక తెల్లవారుజామున బాలింతను, పసిబిడ్డను మంచం మీద మోసుకొచ్చారు. చలి తగలకూడదని గదిలో కుంపటి పెట్టి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కారు. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు. ఆ ఇంటివాళ్ళు చేసిందంతా ప్రేమతోనే చేశారు.

తలనొప్పి, వికారం, తల తిరగడం ఒకేసారి ఇద్దరు ముగ్గురికి మొదలైతే మాత్రలు వెతక్కండి. ముందు అందరూ బయటికి రండి, ఎంత చలైనా సరే. కోవిడ్ రోజుల్లో మనం కొనుక్కున్న, వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరును నమ్మకండి. ఈ విషం ఎక్కినా అది మామూలు అంకెలే చూపగలదు.

అబ్బాయికి ఫోనులో చెప్పండి

బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడు అలారం వెంట తీసుకెళ్ళాలి. గుడారంలో ఏదీ మండించకూడదు. కారు పొగగొట్టం చుట్టూ మంచు తీయకుండా ఇంజను వేసి లోపల కూర్చోకూడదు. నూలు బనియన్లు, జీన్సు పనికిరావు. చెమటకు తడిసి వేడిని లాగేస్తాయి. ఊలు బట్టలు పొరలు పొరలుగా వేసుకోవాలి. ఎక్కడ ఉంటారో, ఎప్పుడు తిరిగివస్తారో ఊళ్ళో ఒకరికి రాసి ఇవ్వాలి. అడవిలో ఫోను పలకకపోవచ్చు.

అరకు, లంబసింగి గుడారాల్లో సెలవులు గడిపేవారికీ పొయ్యి సంగతి ఇంతే. కుంపటి ఆరుబయట ఉండాలి. దుప్పటి లోపల ఉండాలి.